మా ఇంటి పేడ గ్యాసు పొయ్యి: మూడేళ్ళు వాడినాక

పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన 2006 నుంచి 2022 దాకా, పొద్దుటి కుటుంబ ప్రార్థనలో నేను మొదలు నుంచి చివరి దాకా కూర్చున్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ప్రార్థన ముందు వసారాలో జరుగుతుంది. పొయ్యి పెరటి వైపు వంటపాకలో ఉండేది. మామయ్య వాక్యం చదువుతుంటే నేను ఊదుగొట్టం పట్టుకుని చిల్లకంప మంట ఎగదోస్తూ వినేదాన్ని. కీర్తన రెండో చరణానికి వచ్చేసరికి పొగ గొంతుకు అడ్డం పడేది. ఆమేన్ మాత్రం వసారాలోకి వినపడాలని అక్కడి నుంచే గట్టిగా చెప్పేదాన్ని. నాకంటే ముందు ముప్ఫై ఏళ్ళు మా అత్తమ్మ కూడా అట్టాగే చెప్పింది. ఇంట్లో ఇద్దరం ఆడవాళ్ళం ఉన్నా, ప్రార్థనలో ఒకరి చోటు ఎప్పుడూ ఖాళీయే.

మా గోబర్ గ్యాస్ ప్లాంటు ఎట్టా పనిచేస్తుందో, కట్టించుకోవచ్చో లేదో చెప్పమని మా చెల్లెలు, మా చర్చి సంఘంలో ఇంకో రెండు కుటుంబాలవాళ్ళు అడుగుతున్నారు. అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను. సిలిండర్లు ఎన్ని మిగిలాయన్నది ఎవరైనా చెప్తారు. నాకు ముందు చెప్పాల్సింది ఆ ఖాళీ చోటు గురించి అనిపించింది.

మా ఇల్లు పొదిలికీ కనిగిరికీ మధ్య మెట్ట పొలాల్లో, ఊరికి కాస్త ఎడంగా చేలోనే ఉంది. మామయ్య, అత్తమ్మ, మేమిద్దరం, ముగ్గురు పిల్లలు, వెరసి ఏడుగురం. రెండు ఒంగోలు ఆవులు, రెండు గేదెలు, కోళ్ళు. కందీ సజ్జా వేసే ఆరెకరాలు, ఇంటి చుట్టూ అరెకరం పెరడు. మామయ్య బడిపంతులుగా చేసి రిటైరయ్యారు, సంఘంలో పెద్ద. పొద్దున అయిదున్నరకు ఒకసారి, రాత్రి అన్నాలకు ముందు ఒకసారి ప్రార్థన లేకుండా మా ఇంట్లో రోజు గడవదు. పిల్లల్లో ఒకరికి జ్వరమొస్తే వాళ్ళ మంచం చుట్టూ కూర్చుని చేస్తాం. కోతల రోజుల్లో పొద్దుటిది చేలో గట్టు మీద చేస్తాం. కానీ మానం.

సిలిండరు లేదా అంటారు. ఉంది. కానీ బండి మా డొంకలోకి రాదు, తారురోడ్డు మీద దించేసి పోతారు. ఏడుగురికి అన్నం కూరలు, గేదెలకు ఉలవలు, చలికాలం వేణ్ణీళ్ళు అన్నీ దాని మీదే అంటే నెలకొకటి చాలదు. 2022లో సిలిండరు ధర వెయ్యి దాటింది. అందుకని టీకీ, చుట్టాలొచ్చినప్పటికీ సిలిండరు, మిగతాదానికంతా చిల్లకంప, కందికంప, పిడకలు. కంప కొట్టుకురావడం మా ఆయన పని, ఎండబెట్టి మోపులు కట్టడం నా పని. చిల్లకంప ముల్లు దిగితే వారం పాటు కాలు నేల మీద పెట్టలేం. అత్తమ్మకు కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. ఒంగోలులో కళ్ళ డాక్టరు పొగకు దూరంగా ఉండమని చీటీ మీద రాసిచ్చారు. ఆ చీటీ వంటపాక గుంజకు గుచ్చి ఉండేది, దాని కిందే పొయ్యి.

మేం మొదట కొన్నది ఇప్పుడున్న ప్లాంటు కాదు, దాని సంగతి కూడా చెప్పాలి. 2020లో బెలూను ప్లాంటని ప్లాస్టిక్కు సంచిలాంటిది ఒకటి కొన్నాం. తవ్వే పని లేదు, కట్టే పని లేదు, ఒక్క రోజులో బిగించి పోతామన్నారు, పోయారు. ఆరు నెలలు బాగానే మండింది. తర్వాత మా ఎండలకు సంచి పెళుసెక్కడం మొదలుపెట్టింది. రెండో వేసవిలో కుట్ల దగ్గర చీలింది, మూలన ఎలుక కొరికింది. అమ్మినవాళ్ళను ఎన్నిసార్లు పిలిచినా మనిషి రాలేదు. అతుకులు మేమే వేసుకున్నాం, నిలవలేదు. పేడనీళ్ళు పశువుల సావిడి అంతా పారి, చివరికి సంచి చుట్టి అటక మీద పడేశాం. నీడన పెట్టి, చుట్టూ కంచె వేసుకోగలిగినవాళ్ళకు అది పనికొస్తుందేమో. కనిగిరి వైపు ఎండల్లో ఆరుబయట పెట్టేవాళ్ళకు నేను చెప్పను.

ఆ దెబ్బతో మా ఆయన ఇక గ్యాసు మాట ఎత్తొద్దన్నారు. మళ్ళీ ఎత్తింది మామయ్యే. ఇటుకలతో భూమిలో కట్టే రకం ఒకటుంది, దాని పేరు దీనబంధు అని ఎవరో చెప్పారట. ఆయన ఆ పేరు దగ్గరే ఆగిపోయారు. ‘పేరు పెట్టినవాళ్ళు ఆలోచించి పెట్టారబ్బాయ్, ఒకసారి కనుక్కో’ అన్నారు. 1984లో అఫ్‌ప్రో అనే సంస్థ తయారుచేసిన నమూనా అది. అంతకు ముందు మన ఊళ్ళల్లో ఇనప డ్రమ్ము పైకి తేలే ప్లాంట్లు ఉండేవి, ఇప్పటికీ కొన్నిచోట్ల తుప్పుపట్టిన డ్రమ్ములు కనపడతాయి. దీనబంధులో ఇనుము లేదు, కదిలే భాగం లేదు. భూమిలో గుండ్రంగా ఇటుకల గది, పైన డోము. ఒక పక్క పేడ కలిపి పోసే తొట్టి, ఇంకో పక్క బయటికొచ్చే తొట్టి. లోపల గాలి తగలకుండా పేడ మాగి గ్యాసు తయారవుతుంది. ఆ గ్యాసు డోములో చేరి పేడనీళ్ళను కిందికి నొక్కితే, అవి రెండో తొట్టిలోకి పైకి లేస్తాయి. పొయ్యి వెలిగిస్తే గ్యాసు తగ్గి, పేడనీళ్ళు మళ్ళీ లోపలికి దిగుతాయి. ఆ ఎత్తుపల్లాలే గ్యాసును పొయ్యి దాకా తోస్తాయి. మా పెద్దోడు ఇది చూసి బళ్ళో బొమ్మ వేసి చూపించి వచ్చాడు.

మాది రోజుకు రెండు ఘనపు మీటర్ల గ్యాసు ఇచ్చే ప్లాంటు. దానికి రోజుకు యాభై కిలోల పేడ కావాలి. గేదెకు పదిహేను కిలోలు, ఆవుకు పది కిలోలు చొప్పున మా నాలుగు పశువులకు లెక్క సరిగ్గా సరిపోయింది. ఇది చాలా ముఖ్యం. పశువులు పగలంతా బయట మేసి వస్తే సగం పేడ బీట్లోనే పోతుంది. రెండే పశువులుండి రెండు మీటర్ల ప్లాంటు కట్టించుకుంటే పొయ్యి సగం రోజే మండుతుంది, తర్వాత ప్లాంటును తిట్టుకుంటారు.

తవ్వకమే కష్టమైంది. మూడడుగులు దాటగానే గుట్టరాయి తగిలింది. ఇద్దరు మనుషులు, మా ఆయన, అయిదు రోజులు గునపాలు వేశారు. మేస్త్రీ చీమకుర్తి వైపు మనిషి, ఇవి కట్టి చేయి తిరిగినవాడు. మామూలు ఇళ్ళు కట్టే మేస్త్రీతో ఈ పని చేయించొద్దని గట్టిగా చెప్తాను. డోము లోపలి పూతలో వెంట్రుకంత బీట ఉన్నా గ్యాసు నిలవదు. ఆయన పూత మీద పూత వేసి, మధ్యలో మమ్మల్ని ముట్టనివ్వలేదు, పదిహేను రోజులు తడపమన్నాడు. వెయ్యి ఇటుక, పధ్నాలుగు బస్తాల సిమెంటు, ఇసుక, కంకర, కూలీలు, పైపు, పొయ్యి అన్నీ కలిపి మాకు నలభై ఎనిమిది వేలయింది. పొయ్యి గట్టుకు చీమకుర్తి గెలాక్సీ రాయి ముక్కలు మేస్త్రీయే చవగ్గా తెచ్చిపెట్టాడు. సబ్సిడీ సంగతి కట్టకముందే, ఇట్టాంటి ఇంధనాల పనులు చూసే ప్రభుత్వ సంస్థ నెడ్‌క్యాప్ (ఇప్పటి పేరు ఎన్‌ఆర్‌ఈడీక్యాప్) ఆఫీసులో అడగండి. మేం ముందు కట్టేసుకుని తర్వాత అడిగాం, మాకు రాలేదు.

మొదటిసారి నింపడానికి రెండు టన్నుల పచ్చిపేడ, అన్ని నీళ్ళూ కావాలి. మా నాలుగు పశువుల పేడ ఏ మూలకు? సంఘంలో కుర్రాళ్ళు ఆరుగురు సైకిళ్ళ మీద, ఆటోలో తెచ్చారు. పక్క చేను పెదనాన్న వాళ్ళది వేరే దేవుడు, వేరే గుడి, కానీ తన ట్రాక్టరు తొట్టి ఇచ్చి, తన గేదెల పేడ వారం రోజులు మాకే ఉంచాడు. ఎండిన పేడ, మట్టీ ఇసుకా కలిసిన దిబ్బ పేడ పనికిరావు. గడ్డి పరకలు ఏరేయాలి. ఎనిమిది రోజులకు నిండింది. తర్వాత ఎదురుచూడటమే.

పద్దెనిమిదో రోజు పైపులో గ్యాసు వచ్చింది కానీ అంటుకోలేదు. మొదట వచ్చేది అట్టాగే ఉంటుంది, మండని వాయువు ఎక్కువ, లోపలున్న గాలి కూడా కలిసి ఉంటుంది, దాన్ని వెలిగించకుండా బయటికి వదిలేయాలి. మేం రెండుసార్లు వదిలేశాం. అత్తమ్మ ఏమీ అనలేదు కానీ కంప మోపులు మాత్రం వంటపాకలోంచి తీయనివ్వలేదు. ఇరవై నాలుగో రోజు, శనివారం సాయంత్రం, అంటుకుంది. వెలుతురులో మంట కనపడలేదు, చెయ్యి పెడితే గానీ తెలియలేదు. దీపం తీసేసి చూస్తే నీలంగా, చప్పుడు లేకుండా నిలబడి ఉంది. అత్తమ్మ ముందు పాలు పెట్టింది. మామయ్య వంటపాకలోకి వచ్చారు. నేను ఈ ఇంటికి వచ్చాక ఆయన వంటపాకలో నిలబడటం చూసింది ఆ రోజే. ఆ రాత్రి ప్రార్థన అక్కడే, పొయ్యి చుట్టూ నిలబడి చేసుకున్నాం. పాలు పొంగి గట్టు మీద పోయినా ఎవరూ కదల్లేదు.

రోజువారీ పని ఇదీ: పాలు పితికినాక నాలుగు బక్కెట్ల పేడకు నాలుగు బక్కెట్ల నీళ్ళు, కలుపు తొట్టిలో వేసి చేత్తోనే కలపాలి. కర్రతో కలిపితే ఉండలుండిపోతాయి. రాళ్ళూ పరకలూ తీసేసి, అడుగున ఇసుక పేరుకోనిచ్చి, బిరడా లాగితే లోపలికి పోతుంది. అరగంట పని. మా పెద్దోడు పదో తరగతిలో ఉండగా కూడా ఒక్కరోజు ఎగ్గొట్టలేదు. ఈ అరగంటకు ఒప్పుకునే మనిషి ఇంట్లో లేకపోతే ప్లాంటు కట్టించుకోవద్దు. పట్నంలో ఉద్యోగం చేస్తూ ఊళ్ళో అమ్మానాన్నలకు కట్టించి ఇద్దామనుకునేవాళ్ళు ముందు ఆ ముసలివాళ్ళు వంగి పేడ కలపగలరో లేదో ఆలోచించండి.

మరి ఆదివారం? మా ఇంట్లో ఆదివారం అరక కట్టం, బట్టలు ఉతకం, కొట్టుకు పోయి సరుకులు తేము. పశువులకు మేత వేయడం, పాలు పితకడం తప్పవు, వాటికి ఆదివారమని తెలియదు కదా. పేడ కలపడం ఈ రెంటిలో ఏ లెక్కలోకి వస్తుందని మా ఆయనా మామయ్యా రెండు వారాలు మాట్లాడుకున్నారు. విశ్రాంతి దినాన గుంటలో పడ్డ ఎద్దును పైకి తీయరా అని ప్రభువు అడిగిన మాట మా ఆయన ఎత్తారు. ‘అది గుంటలో పడ్డ ఎద్దు, ఇది మనం తవ్వుకున్న గుంట’ అన్నారు మామయ్య. చివరికి శనివారం సాయంత్రం సగం మోతాదు ఎక్కువ పోసి, ఆదివారం మానేసి చూశాం. సోమవారం పొద్దున గ్యాసు కాస్త తగ్గినట్టు కూడా తెలియలేదు. అప్పట్నించీ అదే పద్ధతి. ఒక రోజు పోయకపోతే చెడిపోతుందేమోనని భయపడేవాళ్ళు భయపడక్కర్లేదు.

నీళ్ళ సంగతి మన పడమటి మండలాలవాళ్ళకు పేడకంటే పెద్దది. రోజుకు యాభై లీటర్లు. మా బోరు నీళ్ళలో ఫ్లోరైడు, తాగడానికి పనికిరావు, తాగేవి క్యాన్లతో కొనుక్కుంటాం. ప్లాంటుకు ఆ బోరు నీళ్ళే పోస్తున్నాం, మూడేళ్ళలో ఇబ్బందేమీ రాలేదు. 2024 వేసవిలో బోరు గంటకు నాలుగు బిందెలకు వచ్చింది. అప్పుడు సావిడి కడిగిన నీళ్ళు, ఆవు మూత్రం కాలవ కట్టి కలుపు తొట్టిలోకి మళ్ళించాం. అదీ చాలక పేడా నీళ్ళూ రెండూ రోజూ పోసేదాంట్లో సగమే పోశాం. గ్యాసు సగమైంది. పొద్దుటి వంటకు వచ్చింది, సాయంత్రం సిలిండరు. జూలైలో నీళ్ళు తేరుకున్నాక ప్లాంటు మళ్ళీ పుంజుకుంది. సబ్బు నీళ్ళు, ఫినాయిలు నీళ్ళు మాత్రం ఎంత కరువొచ్చినా పోయొద్దు.

ఎందుకంటే ఆ పొరపాటు మా ఇంట్లో జరిగింది. క్రిస్మస్‌కు ఇల్లంతా కడుగుతూ మా పాప సావిడి గచ్చుకు ఫినాయిలు వేసి రుద్దింది. దాని మనసు మంచిదే, పాస్టరుగారు వస్తారని. ఆ నీళ్ళు కాలవ వెంట తిన్నగా ప్లాంటులోకి పోయాయి. లోపల పేడను మాగబెట్టే సూక్ష్మజీవులు చచ్చిపోయి ఉంటాయి. మూడో రోజుకు మంట పడిపోయింది. పన్నెండు రోజులు, సరిగ్గా పండగ ముందు, మళ్ళీ చిల్లకంప. పాప ఏడ్చింది. మామయ్య దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రాత్రి ప్రార్థన దానితోనే చేయించారు. ప్లాంటు బాగుపడాలని అది పేరు పెట్టి మరీ అడిగింది. కొత్త పేడ రోజూ కొంచెం కొంచెం పోస్తూ పోతే తేరుకుంది.

అసలు క్రిస్మస్ నెలలో గ్యాసు తగ్గుతుంది, ఫినాయిలు పోసినా పోయకున్నా. చలికి లోపల మాగడం నెమ్మదిస్తుంది. మనకు ఎక్కువ వంట ఉండేదీ ఆ నెలే. క్యారల్స్ పాడేవాళ్ళు ముప్ఫై మంది రాత్రి పదకొండుకు వస్తారు, వాళ్ళకు టీ, మిక్చరు. ఇరవై నాలుగున అరిసెలు, కజ్జికాయలు. నూనె బాండలికి ఈ మంట చాలదు, అది నేను ఒప్పుకుంటాను. అరిసెలకు ఇప్పటికీ పెరట్లో రాళ్ళ పొయ్యి పెడతాం. డోము మీద వరిగడ్డి కప్పి, కలిపే నీళ్ళను తొట్టిలో ఎండకు కాసేపు కాగనిచ్చి పోస్తే కొంత మెరుగు.

అదే డిసెంబరులో అది మమ్మల్ని ఆదుకున్నదీ ఉంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వైపు కూడా గాలీ వానా ఆగలేదు. కరెంటు లేదు, డొంకలో నీళ్ళు, రోడ్డు మీదికి మనిషి పోలేడు. కంప అంతా తడిసింది. సిలిండరు అప్పటికే అయిపోయింది. బయటికొచ్చే తొట్టిలోకి వాన నీళ్ళు నిండకుండా మా ఆయన గోనెలు, రేకులు కప్పి చుట్టూ కట్ట వేశారు. లోపల మంట మామూలుగానే వెలిగింది. ఎస్సీ కాలనీలో రెండు ఇళ్ళ గోడలు కూలితే ఆ కుటుంబాలు మా వసారాలో రెండు రాత్రులున్నారు. పదహారు మందికి అన్నం, కందిపప్పు చారు ఆ రెండు బర్నర్ల మీదే వండాం. అన్నం రెండు వాయలుగా. ఆ రెండు రోజులూ ప్రార్థనలో వసారా నిండా మనుషులు.

అత్తమ్మతో ఒక చిక్కు వచ్చింది, దాన్ని దాచడం సరికాదు. మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్లకు, అంటే యేసు మరణాన్ని తలుచుకుంటూ అందరం రొట్టె పంచుకునే ఆరాధనకు, పులియని రొట్టె మా ఇంటి నుంచే పోతుంది. శనివారం రాత్రి అత్తమ్మ ప్రార్థన చేసుకుని, తలమీద కొంగు వేసుకుని ఒక్కతే చేస్తుంది. ప్లాంటు వచ్చాక కూడా ఆ రొట్టె మాత్రం కట్టెల పొయ్యి మీదే చేసింది. ‘పేడ నుంచి వచ్చే మంట మీద ఆ రొట్టె చేయడానికి నాకు మనసొప్పదు అమ్మాయ్’ అంది. నేను ఎదురు చెప్పలేదు. భక్తి విషయంలో ఇంకొకరి మనసును తోయకూడదని మా అమ్మ నేర్పింది. మామయ్య మాత్రం ఒకసారి అడిగారు, ‘ఇన్నాళ్ళూ పిడకల మీద చెయ్యలా నువ్వు? పిడకంటే ఏంది మరి?’ అత్తమ్మ జవాబు చెప్పలేదు, రొట్టె ఆ నెల కూడా కట్టెల మీదే. ఆ నవంబరులో ముసురు పట్టింది. శనివారం రాత్రి వంటపాకలో దీపం వెలుగుతుంటే చూశాను, పెనం గ్యాసు పొయ్యి మీద ఉంది. పొగ లేదు. అత్తమ్మ కళ్ళు తుడుచుకోకుండా రొట్టె తిప్పుతోంది. నేను లోపలికి పోకుండా వెనక్కొచ్చేశాను. ఆ తర్వాత మాలో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

పొయ్యి విషయంలో మోసపోకండి. మామూలు గ్యాసు పొయ్యికి బెజ్జం పెద్దది చేసి గోబర్ గ్యాసుకని ఒక కొట్లో అంటగట్టారు. మంట పసుపుగా, గిన్నెలన్నీ మసి. తర్వాత ఈ గ్యాసుకని ప్రత్యేకంగా చేసిన బర్నరు తెప్పించాం. మంట నీలంగా, వాసన లేకుండా ఉంటే అది సరైనది. వెలిగించకముందు కుళ్ళిన గుడ్డు వాసన లీలగా వస్తే భయపడొద్దు, మండాక ఉండదు. వాసన అట్టాగే ఉంటే ఎక్కడో కారుతోందన్నమాట, సబ్బు నురుగు రాసి చూసుకోవాలి. ఆ వాయువే బర్నరును తినేస్తుంది, మాకు మూడేళ్ళలో ఒకసారి మార్చాల్సి వచ్చింది. మంట లపలపలాడితే పైపులో నీళ్ళు చేరాయని గుర్తు. పల్లంలో ఒక కుళాయి పెట్టించుకుని పదిహేను రోజులకోసారి విప్పితే చెంబెడు నీళ్ళు వస్తాయి. మొదటి ఏడాది ఈ సంగతి తెలియక ప్లాంటు చెడిపోయిందని మేస్త్రీని పిలిపించాం.

రెండు బర్నర్లూ కలిపి పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర వస్తుంది. మధ్యాహ్నం వాడకపోతే దాచుకుందామంటే కుదరదు. డోములో జాగా కొంతే, నిండాక బుడగలుగా పక్క తొట్టిలోంచి పోతుంది. అందుకని మధ్యాహ్నం ఉలవలు పెడతాను. ఏడాదికి తొమ్మిది పది సిలిండర్లు తెచ్చే ఇంట్లో ఇప్పుడు రెండు.

ఒక్కటి మాత్రం ప్రాణాలకు సంబంధించింది. ప్లాంటులోకి మనిషి దిగకూడదు, ఖాళీ చేసినా సరే, ఏదన్నా పడిపోయినా సరే. లోపల గాలి ఉండదు, అరిచే లోపే మనిషి పడిపోతాడు. తొట్ల మీద బండలు కప్పి ఉంచండి, ఆడుకునే పిల్లలుంటే మరీనూ. అక్కడ బీడీ, అగ్గిపుల్ల వెలిగించనివ్వొద్దు. మా చిన్నోడికి ఏబీసీడీల కంటే ముందు ఇది నేర్పాం.

బయటికొచ్చే పేడనీళ్ళ గురించి నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. వాసన ఉండదు, ఈగలు ముసరవు, దిబ్బ ఎరువులా కలుపు గింజలు మొలవవు. కాలవ తీసి పెరట్లోకి వదిలాం. వంగ, గోంగూర, ఆనప పాదు, మునగ, కరివేపాకు. రాళ్ళ నేలలో వంగ ఇట్టా కాస్తుందని నేననుకోలేదు. మిగిలింది కంది చేలోకి బక్కెట్లతో మోస్తాం. పోయిన ఏడు కోత పండగకు మా పెరటి మొదటి గుమ్మడికాయ మందిరంలో పెట్టాం. అట్టా పెట్టినవాటి వేలంలో పక్క చేను పెదనాన్న, మా పండగ చూద్దామని వచ్చినవాడు, పాట పెంచుకుంటూ పోయి అయిదొందల యాభైకి పాడుకుని భుజాన వేసుకుని పోయాడు. ఆ కాయలో తన గేదెల పేడ కూడా ఉందన్నాడు. నిజమే.

ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికా మిషనరీ జ్యూవెట్ దొరా ఆయన భార్యా ఇంకో ముగ్గురు తెలుగు విశ్వాసులూ ఆ కొండెక్కి ఈ ప్రాంతం కోసం ప్రార్థన చేశారని మా సంఘాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మామయ్య ఏటా కొత్త సంవత్సరం మొదటి వారంలో ఆ సంగతి చెప్తారు. ఎన్నోసార్లు పొయ్యి దగ్గర నుంచి విన్నాను, ముక్కలు ముక్కలుగా. 2023లో మొదటిసారి ఆయన ఎదురుగా కూర్చుని విన్నాను. ఆ అయిదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళని అప్పుడే చెవిన పడింది. ‘మామయ్యా, ఇది ఎప్పుడూ చెప్పలేదే?’ అన్నాను. ‘ఎప్పుడూ చెప్పానమ్మా, నువ్విక్కడ లేవు’ అన్నారు.

ఇప్పుడు పద్ధతి ఏంటంటే, అయిదుంబావుకు అన్నం ఎసరు పెట్టి మంట తగ్గిస్తాను. వసారాలోకి వచ్చి కూర్చుంటాను. ఊదే పని లేదు, ఎగదోసే పని లేదు, ప్రార్థన అయ్యేసరికి బియ్యం పోసే వేళవుతుంది. అత్తమ్మ నా పక్కన. కీర్తన ఏది పాడాలో ఈ మధ్య ఆమే చెప్తోంది. చాలా పాతవి, మాకెవరికీ రాగం రానివి. ఆమె పాడుతుంటే మేం నేర్చుకుంటున్నాం.

చూడాలనుకునేవాళ్ళు రావచ్చు. సాయంత్రం వస్తే డోము, తొట్లు, పెరడు అన్నీ తీరిగ్గా చూపిస్తాం. పొద్దున్నే పేడ కలపడం చూడాలంటే అయిదున్నరకే రావాలి. ముందు వసారాలో మాతో కూర్చోవాలి, ప్రార్థన అయ్యాకే మా పెద్దోడు బక్కెట్లు ముట్టుకుంటాడు. పాత చీరో పంచో కట్టుకుని రండి.